పాత తెరచాప పడవ డెక్ కారుతుంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

1970, 80 దశకాల్లో అమెరికాలో, కెనడాలో తయారైన ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవలు చెసపీక్ బేలోనూ గ్రేట్ లేక్స్‌లోనూ ఇప్పటికీ తిరుగుతున్నాయి. ధర అందుబాటులో ఉంటుంది, అడుగుభాగం దిట్టంగా ఉంటుంది. అక్కడ స్థిరపడిన మనవాళ్ళు మొదటిసారి పడవ కొనాలనుకుంటే చూపు సాధారణంగా వీటి మీదే పడుతుంది. కొన్నాక మొదటి పెద్ద వానకే డెక్, అంటే గదికి పైకప్పుగా ఉండే పడవ పైతలం, కారడం మొదలైతే వచ్చే ప్రశ్నలివి. కొలతలు కొన్ని అంగుళాల్లో ఉన్నాయి, ఎందుకంటే ఆ పడవల బోల్టులన్నీ అంగుళాల లెక్కలోనే ఉంటాయి.

పరుపు తడవడం తప్ప డెక్ కారితే వచ్చే పెద్ద నష్టమేమిటి?

పరుపు ఎండేస్తే ఆరుతుంది. అసలు నష్టం కంటికి కనబడని చోట జరుగుతుంది. ఈ పడవల డెక్ ఒకే మందపాటి పలక కాదు. పైన సుమారు 3 మి.మీ. ఫైబర్‌గ్లాస్ పొర, కింద అంతకన్నా పలచని మరో పొర, రెండింటి మధ్య 10 నుంచి 12 మి.మీ. మందాన బాల్సా అనే తేలికైన చెక్క గానీ ప్లైవుడ్ గానీ ఉంటుంది. ఈ నడిమి చెక్కనే కోర్ అంటారు. మూడూ కలిసి అంటుకుని ఉన్నంతసేపే డెక్‌కు బలం. బోల్టు రంధ్రంలోంచి దిగిన నీరు కోర్‌లోకి చేరితే చెక్క నల్లబడి, మెత్తబడి, పొరల నుంచి విడిపోతుంది. చలి ప్రాంతాల్లో ఆ నీరు గడ్డకట్టి ఉబ్బుతుంది, పొరలను ఇంకా వేరు చేస్తుంది.

కాబట్టి ఈ పనిలో రెండు లక్ష్యాలుండాలి. నీరు లోపలికి రాకుండా ఆపడం మొదటిది. ఎప్పటికైనా సీలెంట్ (సందులు మూసే జిగట పదార్థం) ఓడిపోయినప్పుడు ఆ నీరు చెక్కను తాకకుండా చూడడం రెండోది. చాలామంది మొదటిదాంతోనే ఆగిపోతారు, అందుకే అదే డెక్ మళ్ళీ మళ్ళీ బాగుచేయాల్సి వస్తుంది.

హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో తిరిగే చిన్న పడవలకూ ఈ బాధ ఉంటుందా?

ఇంతగా ఉండదు. పిల్లలు నడిపే ఆప్టిమిస్ట్ అనే చిన్న తెరచాప పడవకు అసలు డెక్కే లేదు. ఇది పడుకునే గది, కిటికీలు, పెద్ద మాస్ట్ (తెరచాప స్తంభం) ఉన్న పడవల సమస్య.

చుక్క పడుతున్న చోటే పైన రంధ్రం ఉంటుందా?

అరుదుగా. డెక్‌కూ లోపలి సీలింగ్‌కూ మధ్య ఖాళీ ఉంటుంది. నీరు పైన ఒక బోల్టు వెంట దిగి, ఆ ఖాళీలో వాలు ఎటుంటే అటు పారి, ఎక్కడో ఒక మూల బయటపడుతుంది. ముందు గదిలో పడే చుక్కకు మూలం రెండు మీటర్ల వెనక ఉన్న హ్యాండ్‌రెయిల్ మర కావచ్చు. పడవ ఒరిగినప్పుడు వాలు మారుతుంది, చుక్క పడే చోటూ మారుతుంది. కోర్‌లోంచి కూడా నీరు ప్రయాణిస్తుంది. బాల్సా పలకలను డెక్ వంపుకు తగ్గట్టు వంచడానికి గళ్ళుగళ్ళుగా కోసి ఉంటారు, ఆ కోతల్లో ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) గానీ మరో రెసిన్ గానీ నిండకపోతే అవే కాలవలవుతాయి. ప్లైవుడ్ అయితే నార వెంట ఇంకా దూరం పాకుతుంది.

అందుకే వీలైనంతవరకు సీలింగ్ ప్యానెళ్ళు, జిప్పు ఉన్న వినైల్ లైనర్లు విప్పి, డెక్ కింది పొరను నేరుగా చూడండి. గోధుమరంగు చారలు, నట్ల చుట్టూ తుప్పు మరకలు దారి చూపిస్తాయి.

అది డెక్ నుంచి వచ్చిన నీరేనని ఎలా తేల్చుకోవాలి?

ముందు రుచి చూడండి. ఉప్పగా ఉంటే అలల నీరు. అంటే డెక్, హల్ (పడవ కింది డొప్ప) కలిసే అతుకు గానీ, లంగరు అర గానీ, నీటిమట్టానికి కింద ఉన్న గొట్టాలు గానీ అనుమానించాలి. చప్పగా ఉంటే వాన, లేదా మంచినీళ్ళ ట్యాంకు. ట్యాంకు ఖాళీ చేసి వారం ఆగితే ఆ అనుమానం తీరిపోతుంది. గ్రేట్ లేక్స్ మంచినీళ్ళే కాబట్టి అక్కడ రుచి పరీక్ష పనికిరాదు.

చలికాలంలో హీటరు వేసుకుని లోపల పడుకుంటే మీ ఊపిరిలోని తేమే సీలింగంతా సమానంగా చెమర్చుతుంది. వాన లేని రాత్రి కూడా లోహపు ఫ్రేముల మీద, పరుపు కింద తడి కనిపిస్తే అది లీకు కాదు. దానికి గాలి ఆడే ఏర్పాటు కావాలి.

హోస్ పెట్టి వెతకడానికి సరైన పద్ధతి ఏది?

కింది నుంచి పైకి వెళ్ళండి. పైన మొదలుపెడితే పారే నీరు కింద ఉన్న ప్రతి ఫిట్టింగునూ (డెక్‌కు బిగించిన పరికరాన్ని) తడుపుతుంది, ఏది కారిందో తెలియదు. లోపల ఒకరు టార్చిలైటుతో ఉండాలి. అనుమానమున్న ప్రతి బోల్టు చుట్టూ లోపలివైపు పొడి టిష్యూ కాగితం చుట్టి పెట్టండి, లేదా టాల్కం పౌడర్ చల్లండి. ఒక్క చుక్క దిగినా మచ్చ పడుతుంది.

నీరు ధార కట్టి కొట్టకూడదు, మెల్లగా పారాలి. ఒక్కో ఫిట్టింగుకు కనీసం 10 నిమిషాలు ఇవ్వండి. కొన్ని లీకులు నిదానంగా పనిచేస్తాయి, రెండు నిమిషాలకే ముందుకు కదిలితే దొరకవు. టో రెయిల్ (డెక్ అంచు పట్టీ) తర్వాత స్టాంచన్ (అంచు కంచెను నిలిపే కడ్డీ) బేసులు, చైన్‌ప్లేట్లు (మాస్ట్ తీగలను పట్టే లోహపు పలకలు), ట్రాకులు (తెరచాప తాళ్ళ పట్టాలు), ఆ పైన కిటికీలు, హ్యాచ్‌లు (డెక్ మీది తలుపులు), చివరికి మాస్ట్.

హోస్‌తో దొరకకపోతే?

గాలి పరీక్ష చేయండి. మా దృష్టిలో దీనికి మించిన పద్ధతి లేదు. హ్యాచ్‌లన్నీ మూసి, వెంటిలేటర్లు, సింకు డ్రెయిన్లు, లంగరు గొలుసు దిగే గొట్టం, మాస్ట్ కిందిభాగం టేపుతో మూయాలి. మెట్ల ద్వారానికి ఒక అట్టగానీ ప్లైవుడ్ ముక్కగానీ కోసి బిగించి, దాని రంధ్రంలో లీఫ్ బ్లోయర్ (ఆకులు ఊదే యంత్రం) మూతి పెట్టి తక్కువ వేగంలో నడపండి. గదిలో కొద్దిపాటి ఒత్తిడి చాలు. పైన డెక్ మీద గిన్నెలు తోమే ద్రవం కలిపిన నీటిని స్ప్రే చేస్తూ వెళితే గాలి తన్నుకొచ్చే ప్రతి చోటా నురుగు బుడగలు లేస్తాయి. నీరు పైనుంచి కిందికి ఏ వంకర దారిలో వెళ్ళినా, గాలి బయటికి వచ్చేది మాత్రం నీరు దిగే ఆ రంధ్రం నుంచే. ప్రతి బుడగ దగ్గరా మాస్కింగ్ టేపు ముక్క అంటించి ఫోటో తీసుకోండి. గాలి లేని సాయంత్రం ఈ పని చేస్తే బుడగలు బాగా కనిపిస్తాయి.

కోర్ తడిసిందో లేదో డెక్ కోయకుండా తెలుసుకోవచ్చా?

చాలావరకు తెలుసుకోవచ్చు. గట్టి ప్లాస్టిక్ సుత్తితో, లేదా పెద్ద స్క్రూడ్రైవర్ పిడితో ప్రతి 5 సెం.మీ.కీ ఒకసారి తట్టుకుంటూ పోండి. బాగున్న డెక్ ఖంగుమంటుంది, పొరలు విడిన చోట శబ్దం బొదబొదగా మారుతుంది. మారిన గీత వెంట పెన్సిలుతో గుర్తు పెడితే చెడిన ప్రాంతం మ్యాపులా తయారవుతుంది. కాలికింద మెత్తగా దిగడం, బోల్టు రంధ్రంలోంచి గోధుమరంగు నీరు ఊరడం ముదిరిన దశ.

తడిసినా ఇంకా విడిపోని కోర్ సుత్తికి చిక్కదు. అక్కడ మాయిశ్చర్ మీటర్ కావాలి. దాని అంకెను ఒంటరిగా నమ్మకండి. కింద లోహపు పలకో నీళ్ళ ట్యాంకో ఉంటే అది తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. పొడిగా ఉందని నమ్మకమున్న చోట చూపిన అంకెతో పోల్చి చదవాలి.

నికరంగా తేలాలంటే లోపలి నుంచి పైకి 4 మి.మీ. వెడల్పు రంధ్రం వేయండి. డ్రిల్ బిట్‌కు టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకుంటే పై పొరకు తగలకుండా ఆగవచ్చు. పొట్టు లేత మీగడరంగులో పొడిగా రాలితే కోర్ బాగుంది. ముదురు రంగులో ముద్దగా వస్తే చెడింది. రంధ్రాన్ని వెంటనే ఎపాక్సీతో మూసేయండి.

కారుతున్న ఫిట్టింగు చుట్టూ సిలికాన్ రాసేస్తే సరిపోదా?

సరిపోదు, పైగా రెండు రకాలుగా చెడుపు చేస్తుంది. ఫిట్టింగు అంచు అంతటా ఏకరీతిన కారదు. మీరు రాసిన సిలికాన్ ఒకచోట ఊడి నీటిని లోపలికి రానిస్తుంది, మిగతా చోట్ల గట్టిగా ఉండి వచ్చిన నీటిని బయటికి పోనివ్వదు. నీరంతా కోర్‌కే చేరుతుంది. రెండోది, సిలికాన్ వదిలే జిడ్డు జెల్‌కోట్ (ఫైబర్‌గ్లాస్ మీది నున్నని పైపూత) మీద మిగిలిపోతుంది. తర్వాత దానిమీద ఎపాక్సీ గానీ రంగు గానీ మరో సీలెంట్ గానీ పట్టదు. సిలికాన్ ఉన్నచోట ముందు గీకి, తర్వాత గరుకు కాగితంతో రుద్ది తీయాల్సిందే. అసిటోన్‌తో తుడిస్తే జిడ్డు పోవడం కాదు, పక్కకు పాకుతుంది.

ఏ సీలెంట్ ఎక్కడ వాడాలి?

బోల్టులతో ఆరపార బిగించే ఫిట్టింగులకు, అంటే స్టాంచన్ బేసులు, క్లీట్లు (తాళ్ళు చుట్టే కొమ్ములు), ట్రాకులు, హ్యాండ్‌రెయిళ్ళకు బ్యూటైల్ టేపు. ఇది ఎప్పటికీ గట్టిపడదు, ఏళ్ళ తరబడి జిగటగా సాగుతూనే ఉంటుంది, మళ్ళీ విప్పడం సులువు. చేతికంటిన జిగటకు మినరల్ స్పిరిట్స్ వాడాలి. డీజిల్, పెట్రోలు దీన్ని కరిగిస్తాయి కాబట్టి ఇంధనం పోసే మూత చుట్టూ వాడకూడదు. నీటిమట్టానికి కిందా వద్దు.

ఇంధనం మూతకు, టేకు చెక్కకు, చైన్‌ప్లేట్లకు పాలీసల్ఫైడ్ మంచిది. కాని అక్రిలిక్, పాలీకార్బొనేట్, ఏబీఎస్ ప్లాస్టిక్కులను అది పాడుచేస్తుంది, కిటికీల దగ్గరికి తీసుకురావద్దు.

3ఎం 5200 లాంటి పాలీయురేథేన్ నిజానికి జిగురు. దాంతో బిగించిన ఫిట్టింగును లాగితే జెల్‌కోట్ కూడా లేచి వస్తుంది. డెక్ ఫిట్టింగు అన్నది ఎప్పుడో ఒకప్పుడు విప్పాల్సిన వస్తువు, కాబట్టి డెక్ మీద దీనికి పని లేదన్నదే మా గట్టి అభిప్రాయం. పాత యజమాని ఇప్పటికే వాడి ఉంటే హీట్ గన్‌తో మెల్లగా వేడిచేస్తూ, సన్నని ఉక్కు తీగను రంపంలా లాగుతూ విడదీయండి. పాలీయురేథేన్ వేడికి మెత్తబడుతుంది. జెల్‌కోట్ మాడకుండా గన్ కదుపుతూ ఉండాలి.

స్టాంచన్ బేసును ఇక కారకుండా తిరిగి బిగించడం ఎలా?

ఈ ఒక్క పని నేర్చుకుంటే డెక్ మీద ఉన్న ముప్పాతిక ఫిట్టింగులు మీ చేతిలో ఉన్నట్టే. 30 అడుగుల పడవ డెక్‌లో వందకు పైగా రంధ్రాలుంటాయి, చాలావాటికి ఇదే పద్ధతి.

బేసు విప్పి, పాత సీలెంట్ పూర్తిగా గీకి తీయండి. రంధ్రం అంచుల్లో చెక్క కనిపిస్తోందా చూడండి. కనిపిస్తే ఆ రంధ్రానికి రక్షణ లేదు. బోల్టు పావు అంగుళానిదైతే రంధ్రాన్ని పై పొర, కోర్ వరకు అర అంగుళానికి పెంచండి, కింది పొరను మాత్రం తాకకండి. పై పొర పెంచడం ఇష్టం లేకపోతే, మేకును ఎల్ ఆకారంలో వంచి డ్రిల్‌కు బిగించి తిప్పితే లోపలి బాల్సా మాత్రమే చుట్టూ పావు అంగుళం మేర పొడై వస్తుంది. ప్లైవుడ్‌కు ఈ మేకు బలం చాలదు, రంధ్రం పెంచడమే మేలు. వాక్యూమ్‌తో పొడి లాగేయండి. చెక్క చెమ్మగా ఉంటే రోజుల తరబడి ఆరనివ్వండి. తడి చెక్కకు ఎపాక్సీ పట్టదు.

కింది రంధ్రాన్ని టేపుతో మూయండి. వెస్ట్ సిస్టమ్ అనే బ్రాండు 105 ఎపాక్సీ రెసిన్‌కు 205 గానీ 206 గానీ హార్డెనర్ 5కి 1 పాళ్ళలో కలపాలి. ఎండలో పనిచేస్తుంటే 206 తీసుకోండి, అది నెమ్మదిగా గట్టిపడుతుంది. ముందు ఏమీ కలపని పలచని ఎపాక్సీని రంధ్రంలో పోసి, చెక్క పీల్చుకోవడానికి కొన్ని నిమిషాలు ఆగి, మిగిలింది తీసేయండి. ఈ మెట్టు ఎగ్గొడితే చిక్కటి మిశ్రమంలోని రెసిన్‌ను చెక్క లాగేసుకుంటుంది, అంటు పొడిబారుతుంది. తర్వాత మిగతా ఎపాక్సీలో 404 హై డెన్సిటీ ఫిల్లర్ కలిపి, రోటిపచ్చడంత చిక్కగా చేసి సిరంజితో అడుగు నుంచి పైకి నింపండి. పైనుంచి పోస్తే గాలి అడుగున ఇరుక్కుంటుంది.

మర్నాటికి గట్టిపడ్డాక సరిగ్గా మధ్యలో కొత్త రంధ్రం వేయండి. ఇప్పుడు బోల్టు చుట్టూ ఉన్నది చెక్క కాదు, ఎపాక్సీ గట్టు. సీలెంట్ పదేళ్ళకు విఫలమైనా నీరు నేరుగా గదిలోకి చుక్కలుగా పడుతుంది, కోర్‌ను తాకదు. అప్పుడు మీకు ఎదురయ్యేది లీకు మాత్రమే, డెక్ కుళ్ళడం కాదు. బిగుతుకు డెక్ నలగకుండానూ ఈ గట్టే ఆపుతుంది.

తర్వాత కౌంటర్‌సింక్ బిట్‌తో రంధ్రం పై అంచును ఏటవాలుగా కొద్దిగా చెక్కండి. ఈ చిన్న గుంటలో బ్యూటైల్ ఇరుక్కుని బోల్టు చుట్టూ ఉంగరంలా నిలుస్తుంది. గుంట లేకపోతే బిగించేకొద్దీ బ్యూటైలంతా బయటికి వచ్చేసి ఫిట్టింగు కింద ఏమీ మిగలదు. బేసు అడుగంతా బ్యూటైల్ పరిచి, ప్రతి బోల్టు తల కిందా సన్నని పోగు చుట్టండి.

బిగించేటప్పుడు పైన ఒకరు బోల్టును కదలకుండా పట్టుకోవాలి, కింద ఇంకొకరు నట్టును తిప్పాలి. బోల్టు తిరిగితే దాని చుట్టూ ఉన్న బ్యూటైల్ తెగుతుంది. ఒకేసారి పూర్తిగా బిగించకండి. బ్యూటైల్ అంచులనుంచి నెమ్మదిగా ఉబికేదాకా బిగించి ఆపండి, మర్నాడు ఇంకొంచెం, ఆ మర్నాడు ఇంకొంచెం. చలిరోజైతే టేపు బిరుసుగా ఉంటుంది, ముందు కొంచెం వెచ్చబెట్టండి. ఉబికినదాన్ని ప్లాస్టిక్ కత్తితో కోసేయండి.

లోపల చిన్న వాషర్లు చాలవు. స్టాంచన్ పట్టుకుని ఎవరైనా పడవ ఎక్కితే ఆ లాగుడంతా బేసు అంచు మీద పడుతుంది, డెక్ వంగి సీలు విడిపోతుంది. బేసుకన్నా పెద్దదైన 6 మి.మీ. జీ10 (గట్టి రకం) ఫైబర్‌గ్లాస్ పలకను బ్యాకింగ్ ప్లేటుగా, అంటే లోపలి ఆధారంగా వేయండి. అది తుప్పు పట్టదు. కింది పొర ఎగుడుదిగుడుగా ఉంటే పలక కింద చిక్కటి ఎపాక్సీ పరచి సమం చేసుకోవాలి. అడుగున సీలెంట్ రాయవద్దు. పైన కారితే కింద కనిపించడమే మనకు కావాలి.

చైన్‌ప్లేట్లు ప్రతి రెండేళ్ళకూ మళ్ళీ కారుతున్నాయి. ఎందుకు?

మాస్ట్‌ను నిలబెట్టే తీగల బరువంతా మోసేవి ఇవే కాబట్టి. తెరచాపలో గాలి నిండినప్పుడల్లా చైన్‌ప్లేటు డెక్‌తో పోలిస్తే కొద్దిగా కదులుతుంది. దాని చుట్టూ సీలెంట్ పలచని పొరగా ఉంటే ఆ కదలికకు తెగిపోతుంది. మందంగా ఉంటే సాగుతుంది. అందుకని డెక్‌లోని సందును చైన్‌ప్లేటు చుట్టూ సుమారు పావు అంగుళం ఖాళీ ఉండేలా పెంచి, కోర్ అంచులను పైన చెప్పినట్టే ఎపాక్సీతో మూసి, ఆ ఖాళీని పాలీసల్ఫైడ్‌తో నింపాలి. పైన వచ్చే కవర్ ప్లేటు అలంకారమే, నీటిని ఆపేది అది కాదు.

కారుతున్న చైన్‌ప్లేటును ఒక్కసారైనా పూర్తిగా బయటికి తీసి చూడటం తప్పనిసరి. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పును తట్టుకునేది గాలిలోని ఆక్సిజన్ వల్ల. తడి సీలెంట్ కింద, డెక్ మందం లోపల ఆక్సిజన్ అందక అది లోలోపల గుంటలు పడి పగులుతుంది. పైన కింద తళతళలాడుతుంది, మధ్యలో సగం తెగి ఉంటుంది. అలాంటిది గట్టిగాలిలో విరిగితే మాస్ట్ కూలుతుంది. డై పెనెట్రెంట్ కిట్‌తో పరీక్షిస్తే వెంట్రుకవాసి పగులు కూడా ఎర్రగా తేలుతుంది. పగులు గానీ గుంటలు గానీ కనిపిస్తే మెరుగుపెట్టి వాడకండి, 316 గ్రేడుతో కొత్తది చేయించండి.

గాలి లేని రోజు, పడవ కట్టేసి ఉన్నప్పుడు, ఒక్కో చైన్‌ప్లేటు మాత్రమే విప్పండి. విప్పేముందు హాలియార్డును (తెరచాప ఎత్తే తాడును) అదే వైపు టో రెయిల్‌కు కట్టి మాస్ట్‌కు ఆధారం ఇవ్వాలి. చైన్‌ప్లేటు బిగించిన ప్లైవుడ్ బల్క్‌హెడ్‌ను (పడవ లోపలి అడ్డుగోడను) స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. మొన దిగబడితే అది బాగుచేసేదాకా పడవ తెరచాప ఎత్తకూడదు.

కిటికీలు, హ్యాచ్‌లు కారితే?

అక్రిలిక్ వేడికి బాగా వ్యాకోచిస్తుంది. 60 సెం.మీ. పలక 30 డిగ్రీల తేడాకు సుమారు 1.3 మి.మీ. పెరుగుతుంది. మరలతో బిగదీసి, కింద సన్నటి సీలెంట్ వేస్తే ఒక్క వేసవిలోనే అంటు విడిపోతుంది, మరల దగ్గర పగుళ్ళు వస్తాయి. పైనుంచి అతికించే రకం కిటికీకి 3ఎం వీహెచ్‌బీ అనే రెండువైపులా అంటే టేపుతో పలకను నిలబెట్టి, చుట్టూ డౌ 795 స్ట్రక్చరల్ సిలికాన్ నింపడం బాగా నిలిచే పద్ధతి. సిలికాన్‌కు సరైన చోటు ఇదొక్కటే. చుట్టుపక్కల డెక్‌ను ముందే మాస్కింగ్ టేపుతో కప్పండి. అక్రిలిక్‌ను అసిటోన్‌తో తుడవకండి, సాలెగూడులా పగుళ్ళు పడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు.

తెరిచే హ్యాచ్‌లకు చాలాసార్లు కావలసింది కొత్త రబ్బరు గాస్కెట్ మాత్రమే. సన్నని కాగితం ముక్క మధ్యలో పెట్టి మూసి లాగండి. సులువుగా జారిన చోట గాస్కెట్ అణగడం లేదని అర్థం. గాస్కెట్ అతుకు కీలు వైపు ఉండేలా వేయాలి.

మాస్ట్ దగ్గర వచ్చే నీటిని పూర్తిగా ఆపగలమా?

మాస్ట్ డెక్‌ను దాటి అడుగు దాకా దిగే పడవల్లో ఆపలేం. హాలియార్డులు దూరే సందుల నుంచి వాన మాస్ట్ లోపలికే పడుతుంది. అది బిల్జ్‌లోకి (పడవ అడుగున నీరు చేరే పల్లంలోకి) చేరి పంపు ద్వారా బయటికి పోవడం మామూలే. మాస్ట్ బయటివైపు వెంట దిగేదాన్ని మాత్రం ఆపవచ్చు. డెక్ కాలర్ (మాస్ట్ డెక్‌ను దాటే చోటి ఉంగరం) చుట్టూ ఈపీడీఎం రబ్బరు పట్టీ చుట్టి హోస్ క్లాంపులతో బిగించి, ఎండ తగలకుండా పైన గుడ్డ తొడుగు వేయండి. తెరచాప దూరే గాడిలోంచి నీరు రబ్బరును దాటేస్తుంది, అక్కడ సీలెంట్ ముద్ద పెట్టాలి.

హల్, డెక్ కలిసే అతుకు కారుతోంది. మొత్తం విప్పాలా?

విప్పక్కర్లేదు, చాలా సందర్భాల్లో విప్పలేం కూడా. ఒరిగినప్పుడు మాత్రమే, అదీ ఒకవైపే అరల్లోకి ఉప్పునీరు వస్తుంటే ఈ అతుకే కారణమయ్యే అవకాశం ఎక్కువ. ముందు గాలి పరీక్షతో ఏ అడుగు దగ్గర కారుతోందో గుర్తించండి. టో రెయిల్ బోల్టులు ఆ అతుకులోంచే వెళ్తాయి కాబట్టి, కారుతున్న చోటికి రెండువైపులా నాలుగైదు బోల్టుల మేర విప్పి, రెయిల్‌ను చెక్క చీలికలతో కొద్దిగా ఎత్తి, శుభ్రం చేసి బ్యూటైల్ పెట్టి బిగిస్తే తరచుగా ఆగిపోతుంది. రేవుగోడకు గుద్దుకుని అతుకే పగిలి ఉంటే అది ఫైబర్‌గ్లాస్ పని, సీలెంట్‌తో తీరదు.

తడిసిన కోర్‌లోకి రంధ్రాలు వేసి ఎపాక్సీ ఎక్కిస్తే బాగవుతుందా?

అరచేయంత చోటైతే, పూర్తిగా ఆరబెట్టగలిగితే, కొంతవరకు. అంతకన్నా పెద్దదైతే కాదు. రెండు ప్లాస్టిక్ పొరల మధ్య ఇరుక్కున్న నీరు చిన్న రంధ్రాల్లోంచి ఎండి పోదు. అందులోకి ఎపాక్సీ ఎక్కిస్తే తడి చెక్క చుట్టూ గట్టి గడ్డలు ఏర్పడతాయి, బలం రాదు, తర్వాత ఆ కోర్ తీయడం రెట్టింపు కష్టమవుతుంది.

అయితే కోర్ మార్చడం ఎలా?

పైనుంచే చేయండి. తలకిందులుగా లోపలి నుంచి చేసే పనిలో ఎపాక్సీ ముఖం మీద పడుతుంది, కోర్ సరిగా అంటదు.

సుత్తి పరీక్షతో గీసిన హద్దుకు 5 సెం.మీ. బయటికి, వీలైతే నాన్‌స్కిడ్ (కాలు జారని గరుకు) ప్రాంతం అంచు వెంట, కోత గీత గీయండి. కోత గుర్తు ఆ అంచులో కలిసిపోతుంది. సర్క్యులర్ సా బ్లేడు లోతును పై పొర మందానికి మాత్రమే పెట్టి కోయాలి. మూలల్లో ఆసిలేటింగ్ టూల్ వాడండి. పై పొరను చీలికలతో మెల్లగా లేపి దాచుకోండి, అదే తిరిగి అతికిస్తాం. కుళ్ళిన చెక్క చేతికే వస్తుంది, గట్టిది ఉలితో తీయాలి. అంచుల్లో పొడి చెక్క తగిలేదాకా ఆపకండి. మధ్యలో ఆపితే మిగిలిన చెమ్మ కొత్త కోర్‌ను తినేస్తుంది. కింది పొర పలచన, ఉలి దాన్ని చీల్చకుండా చూసుకోవాలి. ఆ ప్రాంతం పెద్దదైతే డెక్ వంపు కుంగకుండా లోపలినుంచి కర్రలు ఆనించండి.

అదే మందం ఎండ్ గ్రెయిన్ బాల్సా (నార నిలువుగా ఉండేలా కోసినది) తెచ్చి, పొడిగా పరిచి కొలత సరిచూసి, ముక్కలకు నంబర్లు వేయండి. కింది పొరను 80 నంబరు గరుకు కాగితంతో రుద్ది తుడవండి. బాల్సా రెండువైపులా పలచని ఎపాక్సీ పూసి, పీల్చుకున్నచోట మళ్ళీ పూయండి. 406 సిలికా కలిపిన ఎపాక్సీని పళ్ళ తాపీతో కింది పొర మీద పరిచి, బాల్సాను నొక్కి కూర్చోబెట్టండి. సందుల్లోంచి ఎపాక్సీ పైకి రావాలి. రాని చోట కింద గాలి ఉన్నట్టు. ఆ సందులన్నీ నింపేస్తే రేపు ఎక్కడైనా నీరు దిగినా ఆ ఒక్క ముక్కతో ఆగుతుంది. పైన ప్లాస్టిక్ షీటు, దానిమీద ఇసుక సంచులు పెట్టండి. ఫిట్టింగులు వచ్చే చోట బాల్సా వద్దు, ముందే జీ10 పలకగానీ చిక్కటి ఎపాక్సీగానీ వేయండి.

ఈ పని పొద్దున ఎండ ఎక్కేటప్పుడు చేయకండి. వేడెక్కే చెక్కలోని గాలి వ్యాకోచించి ఎపాక్సీలోంచి బుడగలుగా బయటికి వస్తుంది. మధ్యాహ్నం దాటి వేడి తగ్గుముఖం పట్టాక, నీడ కట్టి మొదలుపెడితే చెక్క ఎపాక్సీని లోపలికి లాక్కుంటుంది.

పై పొరను అదేవిధంగా అతికించాక, కోత గీతకు రెండువైపులా 12కి 1 వాలుతో గ్రైండ్ చేయాలి. పొర 3 మి.మీ. అయితే ఒక్కోవైపు 36 మి.మీ. ఆ పల్లంలో సన్నపాటి నుంచి వెడల్పు దాకా ఫైబర్‌గ్లాస్ పట్టీలు పరిచి ఎపాక్సీ ఎక్కించండి. ఇది ఎగ్గొట్టి గీతలో లప్పం పూస్తే మొదటి సీజన్‌లోనే అదే గీత వెంట పగులుతుంది. గట్టిపడ్డ ఎపాక్సీ మీద మైనంలాంటి పొర తేలుతుంది. నీళ్ళతో, స్క్రబ్ ప్యాడ్‌తో కడిగాకే గరుకు కాగితం పట్టాలి. తర్వాత లప్పం, ప్రైమర్, నాన్‌స్కిడ్ రంగు. ఫైబర్‌గ్లాస్ ధూళికి పీ100 మాస్కు, ఎపాక్సీకి నైట్రైల్ చేతితొడుగులు తప్పనిసరి. ఎపాక్సీ అలర్జీ ఒకసారి మొదలైతే జీవితాంతం వదలదు.

టేకు డెక్ ఉన్న పడవ కొన్నాం. అది వేరే కథా?

అవును, కష్టమైన కథ. ఆ కాలంలో తైవాన్‌లో తయారైన చాలా పడవల్లో టేకు పలకలను వందల కొద్దీ మరలతో పై పొరలోంచి కోర్‌లోకి దించారు. ప్రతి మరా ఒక రంధ్రమే. మరను కప్పే చెక్క బిరడాలు ఊడుతున్నాయంటే పలకలు అరిగి పలచబడ్డాయని అర్థం. మందం మిగిలుంటే బిరడా, మర తీసి, ఎపాక్సీ నింపి కొత్త బిరడా వేయవచ్చు. పలకల మధ్య నల్లటి సీమ్ ఊడితే పూర్తిగా గీకి, అడుగున బాండ్ బ్రేకర్ టేపు వేసి, పాలీసల్ఫైడ్‌గానీ సికాఫ్లెక్స్ 290గానీ నింపండి. ఆ టేపు లేకపోతే సీలెంట్ మూడువైపులా అంటుకుని, పలక కదిలినప్పుడు చిరిగిపోతుంది. గట్టి బ్రష్‌తో చెక్క నార వెంట తోమడం మానేయండి. ఉప్పునీళ్ళతో, నారకు అడ్డంగా, మెత్తగా కడిగితే చాలు.

పలకలు 6 మి.మీ. కన్నా పలచబడితే మొత్తం తీసేసి, రంధ్రాలన్నీ మూసి, ఫైబర్‌గ్లాస్ డెక్‌గా మార్చడమే మా సలహా. అందం పోతుంది, పడవ మిగులుతుంది.

సీజన్ మధ్యలో విప్పే తీరిక లేదు. తాత్కాలికంగా ఏం చేయొచ్చు?

వెంట్రుకవాసి పగుళ్ళకు కెప్టెన్ టోలీస్ క్రీపింగ్ క్రాక్ క్యూర్ అనే పాలలాంటి ద్రవం ఉంది. అర మి.మీ. లోపు సందుల్లోకి తనంతట తాను పాకుతుంది. పొడిగా ఉన్నప్పుడు అరగంటకోసారి, ఇక పీల్చుకోనంతవరకు పోయండి. పెద్ద సందుకు బ్యూటైల్ ముద్ద నొక్కిపెట్టండి, తర్వాత సులువుగా వస్తుంది. కట్టేసి ఉన్న రోజుల్లో బూమ్ (తెరచాప అడుగున ఉండే అడ్డకర్ర) మీదుగా టార్పాలిన్ కప్పడం వీటన్నిటికన్నా మంచి పని చేస్తుంది. శీతాకాలానికి ముందు మాత్రం తాత్కాలికాలన్నీ తీసి అసలు పని చేయాలి.

పడవ కొనేముందు పది నిమిషాల్లో ఏం చూడాలి?

చైన్‌ప్లేట్ల కింద బల్క్‌హెడ్ మీద మరకలు, కొత్తగా పూసిన సీలెంట్ ముద్దలు, మాస్ట్ చుట్టూ డెక్ దిగిందేమో. మాస్ట్ డెక్ మీదే నిలబడే పడవైతే ఆ కింది కోర్ చివికితే డెక్ పల్లంలా కుంగుతుంది, మాస్ట్ తీగలు వదులవుతాయి. ఎండిన రోజు చూసి నిర్ణయించుకోకండి, పెద్ద వాన పడిన మర్నాడు వెళ్ళండి. ధర మాట్లాడేది సర్వేయర్ (పడవలు తనిఖీ చేసే నిపుణుడు) సుత్తి, మీటర్‌తో డెక్ అంతా చూశాకే.

ఒకసారి బిగించిన ఫిట్టింగును మళ్ళీ ఎప్పుడు విప్పాలి?

ఎపాక్సీ గట్టు, బ్యూటైల్ ఉన్నవాటిని కేవలం ఏళ్ళు గడిచాయని విప్పక్కర్లేదు. ఏటా ఒకసారి నట్ల బిగువు చూసి, కింది పొర మీద మరకలున్నాయేమో గమనించండి. పాలీసల్ఫైడ్ వేసిన చైన్‌ప్లేట్లను మాత్రం పదేళ్ళకోసారైనా బయటికి తీసి చూడాలి. సీలింగ్ ప్యానెళ్ళను తిరిగి బిగించేటప్పుడు జిగురు వాడకుండా వెల్క్రోగానీ మరలుగానీ పెట్టుకోండి. నట్టు చేతికి అందేలా ఉంటేనే ఎవరైనా దాన్ని చూస్తారు. ప్రతి ఫిట్టింగుకూ బోల్టు కొలత, వాడిన సీలెంట్, నెల, సంవత్సరం రాసిన నోటుపుస్తకం చార్టు టేబుల్ దగ్గర ఉంచండి.